తాతబ్బాయి లీవులో ఉన్నాడు

తాతబ్బాయికి లీవు పిచ్చి. ఫీనిక్స్ బే జెట్టీ మీద పనిచేసేవాళ్ళలో తాగుడు పిచ్చివాళ్ళున్నారు, పేకాట పిచ్చివాళ్ళున్నారు, యూనియన్ పిచ్చివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళందర్నీ జనం అర్థం చేసుకున్నారు. సర్కారు ఏడాదికి ఎంత సెలవిస్తే అంతా, ఒక్క పూట కూడా మురగనివ్వకుండా, దొంగచూపులు చూడకుండా, మొహాన ఏడుపు పులుముకోకుండా వాడుకునే మనిషి మాత్రం ఎవరికీ కొరుకుడు పడలేదు. అందరికంటే కొరుకుడు పడనిది అతని చేతికింద పనిచేసే యిర్మియాకి.

డెబ్బైల నాటి మాట. ఫీనిక్స్ బే నుంచి హార్బరు అడ్డంగా దాటి హోప్ టౌన్ చేర్చే ఫెర్రీ బోటు పేరు బుల్‌బుల్. పేరు పిట్టది, గొంతు దున్నపోతుది. పైన చుక్కాని పట్టేది సరంగు దానయ్య. కింద ఇంజను నడిపేది డ్రైవరు తాతబ్బాయి. ఆయిలు పోసి, గుడ్డతో తుడిచి, అడిగిన స్పానరు అందించేవాడు హెల్పరు యిర్మియా. తాతబ్బాయి తండ్రి ఎప్పుడో శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకి వచ్చి స్థిరపడ్డాడు. తాతబ్బాయి హోప్ టౌన్‌లోనే పుట్టాడు, సముద్రం అవతలి మెయిన్‌ల్యాండ్‌ని సినిమాలోనే చూశాడు. యిర్మియాది ఫీనిక్స్ బే పక్కనే ఉన్న హాడో. తెలుగు చర్చి, ఆదివారం బడి, ఇస్త్రీ చొక్కా. తాతబ్బాయిని "మావా" అని పిలిచేవాడు. కులమూ మతమూ వేరైనా దీవుల్లో వరసలకేం కొదవ?

ఆఫీసులో లీవు అడగడానికి ఒక పద్ధతుండేది. మెయిన్‌ల్యాండ్‌లో ఎవరో ఒకరు పోవాలి. హాడోలో మెయిన్‌ల్యాండ్ షిప్పు కట్టిన వారమే అందరి మేనత్తలూ పోయేవారు. షిప్పు రాని నెలల్లో మేనత్తలంతా గుండ్రాళ్ళలా ఉండేవారు. దానయ్యకైతే మేనత్తలు అయిపోయి పినతండ్రుల దాకా వచ్చింది.

తాతబ్బాయి ఎవర్నీ చంపేవాడు కాదు. నేరుగా వెళ్ళి ఇన్‌ఛార్జి సాబు బల్ల ముందు నిలబడేవాడు. సాబు ఉత్తరాది మనిషి. జెట్టీ మీద ఏళ్ళ తరబడి ఉండి, తెలుగుని హిందీలా మాట్లాడటం నేర్చుకున్నాడు.

"లీవు కావాల సాబ్."

"ఎందుకు?"

"ఉంది కాబట్టి సాబ్."

"అరే, కారణం చెప్పు. ఇంట్లో ఎవరికైనా తబియత్ ఖరాబా?"

"అందరూ దుక్కల్లాగున్నారు సాబ్. అందరూ బాగున్నప్పుడే గదా ఛుట్టీ తీసుకోవాల. బాగోనప్పుడు తీసుకుంటే అది ఛుట్టీ ఏటి, ఆస్పత్రి డ్యూటీ!"

"మెయిన్‌ల్యాండ్ పోతావా?"

"నేదు సాబ్."

"మరి లీవులో ఏం చేస్తావు?"

"ఏటీ సెయ్యకూడదనే గదా సాబ్ లీవు!"

సాబు కాసేపు పైన ఫ్యాను వంక చూసి సంతకం పెట్టేసేవాడు. నిజం చెప్పినవాడికి లీవు ఇవ్వకూడదని ఏ రూలులోనూ లేదు మరి.

దీవుల్లో లీవంటే మెయిన్‌ల్యాండే. లీవు పెట్టి ఇంట్లో ఉండే మనిషిని అక్కడెవరూ చూసి ఎరగరు. అందుకని తాతబ్బాయి మొదటిసారి లీవు పెట్టినప్పుడు హోప్ టౌన్ అంతా అతని వరండాలో మూటలు దింపింది. చేపలమ్మే కాసులమ్మ ఎండురొయ్యల మూట తెచ్చి, "కళింగపట్నంలో మా తమ్ముడికి ఇచ్చీ బాబూ" అంది.

"నాను ఎల్లడంలేదు కాసులమ్మా."

"సర్లే, ఎల్లినప్పుడే ఇద్దువుగాని."

"అసలు ఎల్లనంటే!"

"అలాగే అంటారులే. రొయ్యలు తడవనియ్యకు" అని మూట అక్కడే పడేసి పోయింది. పదిహేను రోజులాగి వచ్చి అడిగింది: "తమ్ముడు తిన్నాడా? ఏటన్నాడు?"

"మా ఇంటిది నూకరత్నం వంకాయేసి వండింది. నాను తిన్నాను. శానా బాగుందన్నాను."

కాసులమ్మ ఆ తర్వాత ఏడాదిపాటు అతనికి చేప అమ్మలేదు.

ఇక యిర్మియా సంగతి. పెళ్ళయి నాలుగేళ్ళయినా మామూలు రోజున మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేసి ఎరగడు. జ్వరమొస్తే తలకి గుడ్డ చుట్టుకుని పనిలోకి పోయేవాడు. ఒకరోజు మానేస్తే బోటు ఆగిపోతుందని, హోప్ టౌన్ జనమంతా ఒడ్డున నిలబడి తనని శపిస్తారని అతని భయం. క్రిస్మస్ నాడు కూడా సగం ప్రార్థన జెట్టీ వైపు చూస్తూనే చేసేవాడు. పాస్టరుగారు ప్రసంగంలో "యిర్మియా వంటి నమ్మకమైన దాసుడు" అని మెచ్చుకున్నాడొకసారి. ఆ రోజు అతని భార్య పుష్పవతి ఇంటికొచ్చి కుండలు గట్టిగా దింపింది.

"పాస్టరుగారికేం, ఆయన చెప్పేసి వెళ్ళిపోతారు. నువ్వు నన్ను కట్టుకున్నావా, ఆ ఇంజన్నా?"

"లీవు పెడితే మనసొప్పదే. దొంగతనం చేసినట్టుంటుంది."

ఈ మాట తాతబ్బాయి చెవిన పడింది. ఇంజను గదిలో నూనె చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఒరే యిర్మియా, మీ దేవుడు లోకం సేసి ఏడో దినాన ఏటి సేసినాడ్రా?"

"విశ్రమించాడు మావా."

"ఛుట్టీ తీసుకున్నాడు. అవునా? లోకం ఆగిందా?"

"ఆగలేదు."

"పోనీ మేనత్త పోయిందని రాసినాడా?"

యిర్మియా నవ్వలేదు. దేవుణ్ణి మస్టరు రోల్‌లోకి దింపడం అతనికి నచ్చలేదు.

అసలీ సిగ్గు మనదేశంలో పనివాళ్ళకి పట్టిన వింత జబ్బు. లీవు ఏ దొరా జేబులోంచి తీసి ఇచ్చింది కాదు. ముందుతరం వాళ్ళు ఎండలో జెండాలు పట్టుకుని, లాఠీలు తిని తెచ్చుకున్నది. దాన్ని సంపాదించడానికి గొంతు చించుకున్న వాళ్ళ పిల్లలే దాన్ని వాడుకోవడానికి గొంతు పెగలక నీళ్ళు నమిలేవారు. తాతబ్బాయికి ఆ జబ్బు అంటలేదు. అంటకపోగా అతనికి ఇంకోటి పట్టింది. లీవులో కూడా అతను రోజూ బోటెక్కేవాడు!

డ్యూటీలో ఖాకీ. లీవులో పసుప్పచ్చ పూల చొక్కా. టికెట్టు కొని, చేతిలో ఒక గుడ్డసంచి పట్టుకుని, ఇంజను గది మూత పక్కనున్న బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాడు. సంచిలో ఏముందంటే "టిపిను" అనేవాడు. ఎవరికీ ఒక్క ఇడ్లీ ముక్క పెట్టిన పాపాన పోలేదు. కింద డ్రైవరు లేడు కాబట్టి యిర్మియాయే ఇంజను నడపాలి. పైన డ్రైవరు కాళ్ళూపుకుంటూ సముద్రం చూస్తుండేవాడు.

ఇంజను దగ్గినప్పుడల్లా బోటంతా అతని వైపు తిరిగేది.

"తాతబ్బాయన్నా, ఆ సప్పుడేటి?"

"నాకేటి తెలుసు, నాను పాసింజర్ని."

"కాస్త దిగి చూడొచ్చుగా భయ్యా?"

"లీవులో ఉన్నాను."

ఒకసారి ఛాథం దీవి దగ్గర ఇంజను ఆగిపోయింది. యిర్మియా కింద చెమటలు కక్కుతూ, ఒక్కొక్క బోల్టూ విప్పుతూ బిగిస్తూ, "మావా, ఏది చూడమంటావు?" అని గావుకేక పెట్టాడు.  పైనుంచి అందరికంటే గట్టిగా తాతబ్బాయి అరుపు వినిపించింది. "ఏటీ డ్యూటీ! టైముకి దింపలేనోళ్ళు టికెట్టు ఎందుకు సింపినారు? నా డబ్బులు నాకిచ్చీయండి!" పాసింజర్లంతా కలిసి వంత పాడారు. కోపంతో ఒళ్ళు మండి, ఆ మంటలో ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయి, చివరికి యిర్మియాయే ఇంజను రగిలించాడు. ఆ సాయంత్రం పుష్పవతితో అన్నాడు: "ఆ మనిషికి సిగ్గు లేదు. జాలి అంతకంటే లేదు."

ఇలా ఉండగా ఆఫీసులో వార్త పుట్టింది. రెండో బోటు వస్తోంది. పేరు మైనా. దానికి డ్రైవరు కావాలి.

యిర్మియాకి గుండె జెట్టీ దాకా వెళ్ళి వచ్చింది. హెల్పరుగా చేరిన మనిషి హెల్పరుగానే ముసలివాడైపోవడం ఆ జెట్టీ మీద మామూలు. ఈ ఒక్క ఖాళీ తప్పితే మళ్ళీ ఇంకోటి ఎప్పుడో, అసలు ఉందో లేదో. సాబు అతన్ని పిలిచాడు.

"తూ అచ్ఛా ఆద్మీ. కానీ నా డౌటు ఒకటే. ఇంజను నువ్వు నడిపిస్తున్నావా, పైన కూర్చుని తాతబ్బాయి నడిపిస్తున్నాడా? లీవులో కూడా అతను బోటులోనే ఉంటాడు కదా. గురువారం నేనే వస్తా, చూస్తా. నువ్వు ఒంటిగా నడిపావంటే మైనా నీది. లేదంటే మెయిన్‌ల్యాండ్ నుంచి డ్రైవరు వచ్చే షిప్పుకి వస్తాడు."

యిర్మియా నేరుగా తాతబ్బాయి దగ్గరికి పరుగెత్తాడు.

"మావా, గురువారం ఒక్కరోజు నా పక్కన నిలబడు. ఏమీ చెప్పొద్దు. కళ్ళతో సైగ చెయ్యి, చాలు."

తాతబ్బాయి గడ్డం గోక్కున్నాడు. "గురువారమా? గురువారం నుంచి నాకు లీవురా."

"వెనక్కి తీసుకో మావా! నీకు కాళ్ళు మొక్కుతా!"

"శాంక్షనైన లీవు మురగబెడితే పాపంరా అల్లుడూ."

 యిర్మియా నోట వచ్చిన మాటలు ఆదివారం బడిలో నేర్పినవి కావు.

"నీ లీవు నువ్వే తిను! నీ కడుపు నిండాలి, అవతలవాడు ఏమైపోతే నీకేం? నేను ఈ గుడ్డ పట్టుకునే చస్తాను, నువ్వు పూల చొక్కా వేసుకుని చూద్దువుగాని!"

"సూస్తానురా" అన్నాడు తాతబ్బాయి తాపీగా. "టికెట్టు కొనుక్కునే సూస్తాను."

గురువారం పొద్దున్న సాబు బోటెక్కాడు. పసుప్పచ్చ చొక్కా అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది.

"నువ్వెందుకు ఇక్కడ?"

"టికెట్టు కొన్నాను సాబ్" అని చూపించాడు తాతబ్బాయి. పక్కన అతని భార్య నూకరత్నం కూడా ఉంది. ఆవిడ ఒళ్ళో గుడ్డసంచి.

సాబు వెళ్ళి సరిగ్గా తాతబ్బాయి పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. ఇతగాడు కిందికి ఒక్క మాట అందించినా, కాలితో చప్పుడు చేసినా పట్టుకోవాలని కళ్ళలో వత్తులు వేసుకున్నాడు. కింద యిర్మియా ఒక చిన్న ప్రార్థన చేసి ఇంజను తిప్పాడు. బుల్‌బుల్ దున్నపోతులా రంకె వేసి కదిలింది.

హార్బరు నడిమధ్యకి వచ్చేసరికి రంకె కాస్తా దగ్గయింది. దగ్గు ఎక్కిళ్ళయ్యాయి. ఆపైన నిశ్శబ్దం.

బోటు మెల్లిగా పక్కకి తిరిగి, పోటుకి కొట్టుకుపోవడం మొదలెట్టింది. దూరాన హాడో వార్ఫులో కట్టి ఉన్న పెద్ద షిప్పు వీళ్ళ వైపే వస్తున్నట్టు కనిపించింది. నిజానికి వీళ్ళే దాని వైపు పోతున్నారు. పైనుంచి దానయ్య "ఓయ్, ఏమైందిరా!" అని అరిచాడు. సాబుకి ఈత రాదు. ఆ సంగతి ఆ నిమిషం దాకా ఎవరికీ తెలియదు.

"తాతబ్బాయి! దిగు! చూడు!"

"నాను లీవులో ఉన్నాను సాబ్."

"అరే, నోటితోనైనా చెప్పు వాడికి!"

"సెప్పకూడదనే గదా సాబ్, తమరు నా పక్కన కూకున్నారు?"

"సస్పెండ్ చేస్తా నిన్ను!"

"లీవులో ఉన్నోణ్ణి ఏ డ్యూటీ తప్పినాడని సస్పెండ్ సేస్తారు సాబ్?"

సాబు నూకరత్నం వైపు తిరిగి చేతులు జోడించాడు. "దీదీ, మీరైనా చెప్పండి!" నూకరత్నం సంచిని గట్టిగా పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది.

కింద యిర్మియా ఈ మాటలన్నీ వింటూనే ఉన్నాడు. సాయం రాదని తేలిపోయాక ఇంజను చేసిన చప్పుడు గుర్తు చేసుకున్నాడు. ఛాథం దగ్గర ఆగినప్పుడు ఇలాగే దగ్గి, ఇలాగే ఎక్కిళ్ళు పెట్టింది. డీజిలు గొట్టంలో గాలి చేరింది. బోల్టు వదులు చేశాడు. చేతిపంపు కొట్టాడు. నురగ, బుడగలు, ఇంకా బుడగలు, ఆపైన ధార. బిగించాడు. తిప్పాడు.

బుల్‌బుల్ రంకె వేసింది. బోటులో ఉన్న కోళ్ళగంపతో సహా అందరూ ఒకేసారి కేకలు పెట్టారు. తాతబ్బాయి ఒక్కడే సముద్రం చూస్తూ, "మళ్ళీ లేటు" అని గొణిగాడు.

హోప్ టౌన్ జెట్టీ చేరాక సాబు ఇంజను గదిలోకి తొంగి చూశాడు.

"శాబాష్! ఇది నీకు ఎవరు నేర్పారు?"

"తాతబ్బాయి మావ సార్."

"ఎప్పుడు? అతను ఎప్పుడు చూసినా లీవులోనే ఉంటాడు కదా!"

"అప్పుడే సార్" అన్నాడు యిర్మియా.

అన్నాక ఆ మాట అతనికే వినిపించింది. చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పైకి వచ్చేసరికి పసుప్పచ్చ చొక్కా జెట్టీ దాటి టీ కొట్టు వైపు పోతోంది. నూకరత్నం మాత్రం వెనక ఉండిపోయి, సంచి అతని ముందు దించింది. ఠంగుమంది. లోపల స్పానర్లు, రెంచీ, వైరు ముక్కలు, ఒక పాత గాస్కెట్టు.

"ఇదిరా మీ మావ టిపిను. నీ సేతిలో ఇంజనెట్టిన కాడ్నించీ మోస్తన్నాడు. నువ్వు ఒడ్డెక్కించలేకపోతే ఇంజను కాడికి దిగిపోదామనే. దిగే పనే పెట్టలేదు నువ్వు."

"ఇంత దానికి ఒక్క మాట చెప్పొచ్చు కదత్తా! నేను ఎన్ని మాటలన్నాను!"

"సెప్తే నీ సెయ్యి కదుల్తాదా? ఈ మనిషి కుర్రతనంలో సూరయ్యని ఓ డ్రైవరుండేవోడు. దేవుడిలాటోడు. సర్వీసులో ఒక్క లీవెట్టలేదు. దండలేసినారు, శాలువా కప్పినారు, పొగిడినారు. ఆయన ఒక్క దినం ఇంజను ఒగ్గితే గదా మీ మావ సెయ్యి దాని మీద పడ్డానికి? ఆయన రిటైరైననాడు ఆపీసోళ్ళు మీ మావని అడిగినారు, 'నువ్వెప్పుడైనా ఒంటిగా నడిపినావా' అని. ఏటి సెప్తాడు? మెయిన్‌ల్యాండు నుంచి ఇంకోడొచ్చి కూకున్నాడు. ఆడు ఎల్లిందాకా మీ మావ నీలాగే గుడ్డ అట్టుకుని ఉన్నాడు."

యిర్మియా టీ కొట్టుకి వెళ్ళాడు. ముందు బల్ల తుడిచాడు.

"మావా, ఇదంతా నాకోసం చేశావా?"

తాతబ్బాయి నొచ్చుకున్నాడు. "నీకోసమేటి? నాకు లీవంటే ఇష్టం. ఇష్టం నేకుండా తీసుకుంటే అది త్యాగమైపోద్ది. త్యాగం సేసేవోళ్ళ మొహాలు సూసినావా, ఆముదం తాగినట్టుంటాయి. నా మొహం సూడు."

చూశాడు. టీ గ్లాసు వెనక నిగనిగలాడుతూ, ఏ కోశానా పశ్చాత్తాపం లేని మొహం.

"నాను పక్కకి జరిగితే నాకు గాలాడుద్ది, నీకు సోటొస్తాది. ఇందులో నష్టమెవుడికిరా? నాను నేకపోతే బోటు నడవదనేవోడు గొప్పోడు కాదు. పక్కోడి సోట్లో కూడా ఆడే కూకున్నాడన్నమాట." అంతలోనే గుర్తొచ్చినట్టు గొంతు పెంచాడు. "అయినా లీవులో ఉన్నోడితో డ్యూటీ మాటలేటి? టీ డబ్బులిచ్చి పో."

మైనా వచ్చింది. యిర్మియా డ్రైవరయ్యాడు. అతని చేతికింద హెల్పరుగా మల్లేశుని వేశారు. యిర్మియా కంటే వయసులో పెద్దవాడు, తాళ్ళు విసిరి విసిరి భుజాలు అరిగిన ఖలాసీ. కొన్నాళ్ళయ్యాక తాతబ్బాయి అడిగాడు.

"మల్లేశు సేతికి ఇంజను ఎప్పుడిస్తావురా?"

"ఇంకా కుదరదు మావా. నేను లేకపోతే..."

అక్కడ ఆగిపోయాడు. టీ కొట్టులో మావ అన్న మాట గుర్తొచ్చింది.  మర్నాడు యిర్మియా సాబు బల్ల ముందు నిలబడ్డాడు. సాబు అతని మొహం చూసి, అడక్కుండానే కలం తీసుకుని, "తూ భీ?" అని నిట్టూర్చాడు.

లీవు మొదటిరోజు యిర్మియా హాడోలో తన వరండాలో కుర్చీ అంచున కూర్చున్నాడు. పుష్పవతి వేడివేడి పెసరట్టు తెచ్చి పెట్టింది. అతనికి రుచి తెలియలేదు. చెవులు రెండూ ఫీనిక్స్ బేలో ఉన్నాయి. మైనా హారన్ మోగింది. లేచి నిలబడ్డాడు. ఇంజను అందుకున్న చప్పుడు, నీళ్ళలో తిరిగిన చప్పుడు, దూరమైన చప్పుడు. బోటు వెళ్ళిపోయింది. యిర్మియా మెల్లిగా కూర్చున్నాడు.

మధ్యాహ్నం షిఫ్టుకి పోవాల్సిన తాతబ్బాయి, ఖాకీ బట్టల్లో, దారి మళ్ళించుకుని మరీ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఎల్లిందా?"

"వెళ్ళింది మావా. టైముకే."

"మరి ఆ మొహమేట్రా?"

"ఏం లేదు." యిర్మియా పెసరట్టు తుంచి మళ్ళీ కంచంలోనే పెట్టాడు. "ఒక్క అయిదు నిమిషాలైనా లేటవుతుందనుకున్నా."

తాతబ్బాయి గేటు పట్టుకుని ఊగిపోతూ నవ్వాడు. నవ్వి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఎవులికీ సెప్పకు. నువ్వు తొలిసారి నా బోటు టైముకి ఒడ్డెక్కించిననాడు, నాకు రెండు పూటలు అన్నం సయించనేదు."

లోపల్నుంచి పుష్పవతి కేకేసింది. "బాబాయ్, కూర్చోండి, మీకూ అట్టు వేస్తున్నా!"

"నాకు డ్యూటీ ఉందమ్మా. లీవులో ఉన్నోడికి ఎట్టు, రెండట్లు ఎక్కువెట్టు" అంటూ తాతబ్బాయి గబగబా జెట్టీ దారి పట్టాడు.